బుధవారం బండి

క్యాలెండరు చూడను నేను,
మూత ఎత్తి చూస్తాను.

ఇరవై రెండేళ్ళుగా హాలిఫాక్స్ కొండవాలు వీధుల్లో
బుధవారం చెత్తబండి మాది.
గార్త్ తోలతాడు, నేను వెనక నడుస్తాను.
వీధి ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉండగానే
నిన్న రాత్రి దాని కడుపులో ఏం పడిందో
నాకు తెలిసిపోతుంది.
అన్నమంతా పట్టి చూడాలా ఏం,
ఒక్క మెతుకు చాలదూ.

క్రిస్మస్ సంగతి చెప్పనే అక్కర్లేదు.
ఏ డబ్బాకీ మూత పడదు.
మెరుపు కాగితాలు, టర్కీ కోడి గూడు,
గోళీలంత క్యాబేజీలు. ప్రతి ఇంట్లోనూ వండుతారు,
ప్రతి ఇంట్లోనూ పారేస్తారు,
అదేదో మొక్కు ఉన్నట్టు.
కాగితపు కిరీటాలు కూడా.
ఒక్క పూట రాజులు,
గ్రేవీ మరకతో నా చేతికి చిక్కుతారు.
పండగ మర్నాడు మాలాంటివాళ్ళకి కానుకలిచ్చేవారట
మా తాత రోజుల్లో.
ఇప్పుడు పద్నాలుగో నంబరావిడ ఒక్కతే
బిస్కెట్ల డబ్బాకి టేపు చుట్టి
"ఇది చెత్త కాదు" అని రాసి పెడుతుంది.

మే నెల సెలవుకి వాన కురిసి తీరుతుంది,
అయినా పెరట్లో బొగ్గులు రాజేస్తారు.
పైన మాడి లోపల పచ్చిగా ఉన్న సాసేజిలు
మూడు రోజులు మా చేతి తొడుగుల్ని వదలవు.
నవంబరు ఐదు దాటితే తడిసిన రాకెట్టు పుల్లలు.
ఒకసారి మంటలో వేసిన గడ్డిబొమ్మ బూటు దొరికింది,
కుడికాలిది, నిక్షేపంగా ఉంది.
ఎడమదాని కోసం గార్త్
మూడు వీధులు వెతికాడు పాపం.

ఇరవై ఏడో నంబరుకి ఏ పండగా రాదు.
టీ పొట్లాలు, రొట్టె అంచులు, అంతే.
ఒక్క మంగళవారం తప్ప,
లెంటు ఉపవాసాలు ఇంకా మొదలవకముందు
ఊరంతా పాన్‌కేకులు పోసుకునే మంగళవారం.
మర్నాడు, బూడిద బుధవారం నాడు,
ఆ ఇంటి చిన్న గోధుమరంగు డబ్బాలో
నలభై గుడ్ల పెంకులు.
ఒక్కటీ చితకదు.
టోపీలో టోపీ పెట్టినట్టు దొంతర్లు,
పక్కన పిండిన నిమ్మ డిప్పలు.

ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను.
సిరిల్ ఎంట్‌విసిల్ ఆయన పేరు,
గ్రిమ్స్‌బీ చేపల ఓడలో వంటవాడు.
"ఊగే ఓడలో ఇలా పేర్చకపోతే
పెంకులు సూపులోకి దూకేస్తాయి" అన్నాడు.
ఆ ఒక్క సాయంత్రం వీధి తలుపు బార్లా తీస్తాడట,
పిల్లలు బడి నుంచి తిన్నగా అక్కడికేనట,
ఎగరేసిన అట్టు ఏటా ఒకటైనా
దీపానికి తగులుకుని వేలాడుతుందట.

ఈ ఏడాది బూడిద బుధవారం.
మంచు కాదు, వానా కాదు, మధ్యలో ఏదో పడుతోంది.
ఇరవై ఏడు. మూత ఎత్తాను.
ఒక అరటి తొక్క. రెండు టీ పొట్లాలు.
పరదాలు వేసే ఉన్నాయి.
ఈ పనిలో చావు కబురు
బంధువుల కంటే ముందు మాకే తెలుస్తుంది,
గేటు పక్కన పరుపు నిలబెడతారు.
పరుపు కోసం చూశాను.
గార్త్ హారన్ కొట్టాడు.
ఇరవై తొమ్మిది ఎలా దాటానో గుర్తు లేదు.

ముప్పై ఒకటి, హెల్లివెల్ వాళ్ళిల్లు.
ముగ్గురు పిల్లలు, ఏ పండగకైనా చిందరవందరే.
వాళ్ళ చిన్న డబ్బా బరువుగా ఉంది.

టోపీలో టోపీ, టోపీలో టోపీ.
నాలుగు దొంతర్లు నిటారుగా.
అయిదోది మాత్రం వంకర,
చాలా పెంకులు నలిగిపోయాయి,
ఒకదాని మీద జిగురు వేలిముద్ర,
నా చిటికెన వేలికి సగం ఉంటుంది.

"ఏమైందిరా?" అద్దం దించి గార్త్.
"ఏం లేదు" అన్నాను, "పోనియ్."